కృష్ణజింక జాగా ఎలా కరిగిపోయింది: నిజాం షికార్‌గా నుంచి బంజరు పటాల దాకా

2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ అంతా అడవి గురించే మాట్లాడింది. అక్కడ కనబడ్డవి చుక్కల జింకలు, నెమళ్లు. అదే రాష్ట్రంలో, కృష్ణా తీరాన మక్తల్ వైపు రైతులు ఏళ్ల తరబడి ఇంకో జింక గురించి మొత్తుకుంటున్నారు. మొలకెత్తిన పత్తిని, కందిని కృష్ణజింకలు మందలుగా వచ్చి మేసిపోతున్నాయని వాళ్ల గోస. ఒకచోట జింకను కాపాడాలన్న గొడవ, ఇంకోచోట జింక నుంచి కాపాడమన్న మొర. రెండింటి మూలం మాత్రం ఒకటే. చెట్లు పెద్దగా లేని గడ్డి నేలను మన ప్రభుత్వాలు ఎన్నడూ అడవిగా లెక్కపెట్టలేదు. ఆ లెక్క ఎప్పటి నుంచి తప్పిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు జంతువు సంగతి. మనం అన్నింటినీ జింక అనేస్తాం గానీ చుక్కల జింక, కృష్ణజింక వేర్వేరు కుటుంబాలవి. చుక్కల జింక మగదానికి కొమ్ములు ఏటా రాలి మళ్లీ వస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు, మర వేసినట్టు మెలికలు తిరిగి పైకి పెరుగుతాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు మొదటిది, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. చుక్కల జింకకు చెట్ల నీడ కావాలి. కృష్ణజింకకు మాత్రం కనుచూపు మేర అడ్డం లేని మైదానం కావాలి. శత్రువును దూరం నుంచే చూసి, గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకుని తప్పించుకోవడమే దాని బతుకుతెరువు. పొదలు అడ్డమొస్తే ఆ వేగం పనికిరాదు.

నల్లగా నిగనిగలాడే మగది తన జాగాను ఎలా గుర్తు పెట్టుకుంటుందో చూసి తీరాలి. కంటి మూల కింద దానికి ఒక గ్రంథి ఉంటుంది. తల వంచి, ఆ చోటును ఒక గడ్డిపోచ కొసకు మెల్లగా ఆనించి రాస్తుంది. పోచ మీద జిగురు లాంటి వాసన పదార్థం అంటుకుంటుంది. రోజూ ఒకేచోట పేడ వేసి కుప్ప చేస్తుంది. ఇంకో మగది ఆ హద్దు లోపలికి వస్తే కొమ్ములు కలబడతాయి. ఆడది ఆరు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. పుట్టిన పిల్లను మొదటి రోజుల్లో గడ్డిలోనే దాస్తుంది. అంటే దాని కాపురానికి, కాన్పుకి, పిల్ల దాపుకి అన్నింటికీ గడ్డే ఆధారం.

ఈ నేలలో దానికి ఒకప్పుడు ఎంత గౌరవం ఉండేదంటే, కృష్ణజింక సహజంగా తిరిగే దేశమే యజ్ఞానికి తగిన దేశమని ధర్మశాస్త్రాలు చెప్పాయి. ఉపనయనంలో వటువుకు ఇచ్చే కృష్ణాజినం దాని తోలే. గౌరవంతో పాటు వేట కూడా సాగింది. మొఘల్ కాలానికి ముందు నుంచే చీతాలను మచ్చిక చేసి, బండి మీద తీసుకెళ్లి, మంద కనబడగానే కళ్లగంత తీసి వదిలేవారు. ఆ చీతా 1952లో మన దేశంలో అంతరించినట్టు ప్రకటించారు. దాని వెనకే కృష్ణజింక కూడా పోవాల్సిందే.

హైదరాబాద్ చుట్టూ అది మిగలడానికి కారణం వేటే అంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. వనస్థలిపురం ప్రాంతం నిజాంలు వేట కోసం దాచుకున్న నేల, వాళ్ల షికార్‌గా. అతిథులను వేటకు తీసుకెళ్లడం ఆ దర్బారులో మర్యాద. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి ఈ రాజ్యంలో వేటాడి వెళ్లాడు. దొరల కోసం దాచిన నేల కాబట్టి మామూలు జనం అందులో దున్నలేదు, ఇళ్లు కట్టలేదు. గడ్డి అలాగే మిగిలింది. దాని మీద ప్రేమతో ఎవరూ దాన్ని ఉంచలేదన్న సంగతి మరిచిపోకూడదు, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఆ లోటు వల్లే.

స్వాతంత్ర్యం తర్వాత జీపులు, సెర్చ్‌లైట్లు, తుపాకులు వచ్చాయి. రాత్రిపూట వెలుగు పడితే జింక కదలకుండా నిలబడిపోతుంది. 1947 నాటికి దేశంలో దాదాపు 80 వేలు ఉన్నాయని, 1964 నాటికి 8 వేలకు పడిపోయాయని అంచనా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి దీన్ని మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా, పాత షికార్‌గాకు మహావీర్ హరిణ వనస్థలి అని పేరుపెట్టి జింకల పార్కు చేశారు. 1994లో అది జాతీయ ఉద్యానవనం అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. ఇవాళ ఆటోనగర్ లారీలు, కాలనీలు, విజయవాడ హైవే దాన్ని చుట్టేశాయి. లోపలి మంద బయటికి పోయే దారి లేదు, బయటిది లోపలికి వచ్చే దారీ లేదు. కొత్త రక్తం కలవని మందకు ముందు ముందు కష్టమే.

చట్టం జంతువును కాపాడింది. నేల సంగతి మాత్రం వేరేగా నడిచింది. బ్రిటిష్ వాళ్లకు శిస్తు రాని భూమి బీడు, కలప రాని భూమి దండగ. అటవీ శాఖ టేకు, మద్ది ఉన్నచోట్లను తీసుకుంది. గడ్డి నేలలు రెవెన్యూ ఖాతాలోకి వెళ్లాయి. ఆ బీళ్లను పచ్చగా చేయాలని తెచ్చిన మొక్కల్లో ఒకటి సర్కారు తుమ్మ. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురం వైపు నాటారు. ఇప్పుడది లేని ఊరు లేదు. దాని తియ్యటి కాయలను కృష్ణజింకలు ఇష్టంగా తింటాయి, గింజలు పేడలో పడి మొలుస్తాయి, ఆ ముళ్ల పొదలే మళ్లీ వాటి మైదానాన్ని మింగేస్తాయి.

స్వతంత్ర భారతం ఆ పాత లెక్కను మార్చలేదు, శాటిలైట్లతో ఇంకా పక్కాగా చేసింది. దేశంలోని బంజరు భూముల అట్లాస్‌ను కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ కోసం తయారు చేసేది మన బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2000లో మొదటిది వచ్చింది. 2019 నాటి అట్లాస్ ప్రకారం దేశ విస్తీర్ణంలో 16.96 శాతం, అంటే దాదాపు 5.58 కోట్ల హెక్టార్లు బంజరు. పొద నేలలు, క్షీణించిన మేత భూములు కూడా అందులో వర్గాలే. ఆ కేంద్రం శాస్త్రవేత్తల పనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు ఇచ్చిన ఖానాల్లో గడ్డిమైదానం అనే ఖానా సరిగా లేకపోవడమే అసలు బాధ. ఒకసారి బంజరు అని పటంలో ఎక్కాక, సోలార్ ప్లాంటుకో, ఇండస్ట్రియల్ పార్కుకో, మొక్కల పెంపకానికో అడిగేవాళ్లకు అడ్డేమీ ఉండదు.

హైదరాబాద్ చుట్టూ పశువుల మేతకు వదిలిన కంచ భూములది అదే కథ. ఇమారత్ కంచ, కంచ గచ్చిబౌలి లాంటి పేర్లు ఇంకా ఉన్నాయి, నేల మాత్రం సంస్థలకు, కంపెనీలకు పోయింది. 1974లో ఏర్పడ్డ హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాలను 2003లో ఒక క్రీడా సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచిన వివాదం 2024లో ప్రభుత్వం వైపు తేలింది. మరుసటి ఏడాది చదును చేయబోతే విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. రెవెన్యూ రికార్డుల్లో అది అడవి కాదన్నది ప్రభుత్వం వాదన. రికార్డు ప్రకారం ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ రికార్డు రాసిన తీరులోనే ఉంది చిక్కంతా.

ఇక మక్తల్ రైతు మాట. వాళ్ల కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అప్పు చేసి వేసిన విత్తు మొలకలోనే పోతే ఆ టెన్షన్ పడేవాడికే తెలుసు. కర్నూలు వైపు రోళ్లపాడు చరిత్ర ఇక్కడ పనికొస్తుంది. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. ఆ రక్షణలో కృష్ణజింకలు పెరిగాయి. చిన్న ముక్కలో మేత చాలక చేలలో పడ్డాయి. రైతులకు అభయారణ్యం మీదే విసుగు పుట్టింది. జింకను కాపాడి, దాని మేతను వదిలేస్తే భారమంతా పక్కనున్న చిన్న రైతు మీద పడుతుంది.

పట్టి వేరేచోట వదలాలన్నది ఇప్పుడు వినిపిస్తున్న మాట. గరాటులాంటి దడి కట్టి మందను మెల్లగా అందులోకి నడిపించే బోమా పద్ధతితో మధ్యప్రదేశ్‌లో చేశారు. అది కుదరొచ్చు. కానీ తెచ్చి వదిలేది ఎక్కడ? కవ్వాల్, అమ్రాబాద్ చెట్ల అడవులు, అక్కడ పులులు కూడా ఉన్నాయి. మహావీర్ హరిణ వనస్థలి చుట్టూ ఊరు నిండిపోయింది. ఏ పథకమైనా ముందు జిల్లాల వారీగా మిగిలిన గడ్డి నేలలను గుర్తించి, బంజరు జాబితా నుంచి తీసి వేరుగా నమోదు చేయాలి. అప్పటిదాకా పంట పోయిన రైతుకు పరిహారం ఆ సీజన్‌లోనే, మళ్లీ విత్తుకునే అదను దాటకముందే చేతికి అందాలి.