క్లాసులో నోరు విప్పని ఉద్యోగులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో రోజూ సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా ఉద్యోగులకు ఇంగ్లీషు చెబుతాను. మిర్చి ఎగుమతి కంపెనీల అకౌంటెంట్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు ఒకే గదిలో కూర్చుంటారు. బడిపిల్లలకు చెప్పిన పద్ధతినే ఇక్కడా పట్టుకుంటే క్లాసు పాడవుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మాస్టర్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: మాట్లాడనివారికి ఇంగ్లీషు రాదు.

వాస్తవం: చాలాసార్లు వారికే ఎక్కువ వచ్చు. అడ్డుపడేది పరువు. ఒక బ్యాచిలో ఒకే కంపెనీ మేనేజరు, ఆయన కింద పనిచేసే అకౌంటెంటు పక్కపక్కన కూర్చున్నారు. అకౌంటెంటుకు 52 ఏళ్లు. మూడు వారాలు ‘యెస్ సార్’ తప్ప ఆయన నోట మరో మాట రాలేదు. నోటుపుస్తకం తెరిచి చూస్తే వాక్యాలన్నీ తప్పు లేకుండా ఉన్నాయి. మర్నాడు ఆయనను గదికి అవతలి చివర ఒక నర్సు పక్కన కూర్చోబెట్టి, సరుకు ఓడ ఎక్కడం ఎందుకు ఆలస్యమవుతుందో ఆమెకు చెప్పమన్నాను. ఆమెకు మిర్చి వ్యాపారం తెలియదు, కాబట్టి నిజంగానే ప్రశ్న మీద ప్రశ్న వేసింది. కాయలో తేమ, కోల్డ్ స్టోరేజి, కంటైనరు దొరకకపోవడం... పది నిమిషాలు ఆయన ఆగలేదు. తప్పులు దొర్లాయి. నేను అడ్డుపడలేదు.

అప్పటి నుంచి చేరేటప్పుడే ఎవరు ఏ ఆఫీసో కనుక్కుంటాను. ఒకే ఆఫీసువారిని జంటగా కూర్చోనివ్వను. అందరి ముందూ అడిగే ముందు, పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడుకోనిస్తాను.

అపోహ: తప్పు వినగానే సరిదిద్దాలి.

వాస్తవం: అన్ని తప్పుల బరువూ ఒకటి కాదు. క్రియ కాలం తప్పినా, చిన్న పదం జారినా రాసి పెట్టుకుని, చివరి పది నిమిషాల్లో ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద పెడతాను. అంకెల దగ్గర మాత్రం వెంటనే ఆపుతాను. ఒక నర్సు ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఒకేలా పలికేది. తెలుగులో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం, మారినంత మాత్రాన అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. ఇంగ్లీషులో మొదటిదానికి చివర, రెండోదానికి మొదట ఊనిక పడుతుంది. మందు మోతాదులో ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే అంకె చెప్పాక ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడదీసి మళ్లీ చెప్పించాను. పది రోజులకు అది ఆమెకు అలవాటైంది.

అపోహ: మెయిల్లో దురుసుగా రాసేవారికి మర్యాద తెలియదు.

వాస్తవం: ఇది వింటే నాకు బాధ కలుగుతుంది. తెలుగులో మర్యాద క్రియ చివరే ఉంటుంది. ‘సాయంత్రంలోగా పంపండి’ అంటే ఆ ‘అండి’లోనే గౌరవమంతా వచ్చేసింది. దాన్ని ఇంగ్లీషులోకి దించితే ‘సెండ్ బై ఈవెనింగ్’ అవుతుంది. ‘అండి’ రాలిపోయి ఆజ్ఞ మిగులుతుంది. ఇంగ్లీషు ఆ మర్యాదను ఎక్కువగా వాక్యం మొదట్లో, ‘కుడ్ యూ’ అంటూ ప్రశ్న రూపంలో పెడుతుంది. ఈ ఒక్క మాట తెలుగులో వివరిస్తే, పెద్దవారి ముఖాల్లో అర్థమైన వెలుగు కనిపిస్తుంది.

అపోహ: క్లాసులో తెలుగు వినబడకూడదు.

వాస్తవం: పైన చెప్పినది ఇంగ్లీషులోనే వివరించాలంటే అరగంట పడుతుంది, తెలుగులో రెండు నిమిషాలు చాలు. ‘పదేళ్ల నుంచి’ అన్నా ‘2015 నుంచి’ అన్నా మనకు ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషుకు మొదటిచోట ‘ఫర్’, రెండోచోట ‘సిన్స్’ కావాలి. తప్పు ఎక్కడ పుడుతోందో చూపించడానికి తెలుగు కావాలి. చూపించాక మాత్రం సాధనంతా ఇంగ్లీషులోనే.

అపోహ: ఆలస్యంగా వచ్చేవారికి శ్రద్ధ లేదు.

వాస్తవం: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు సరుకు పోటెత్తుతుంది. ఆ రోజుల్లో ఏడింటికి బయటపడటం మిర్చి కంపెనీల ఉద్యోగుల చేతుల్లో ఉండదు. మొదటి పావుగంట పాత పాఠానికి కేటాయిస్తే సరిపోతుంది. ఇంటిపని చేయరన్న ఫిర్యాదూ ఇలాంటిదే. నేను విడిగా ఏమీ ఇవ్వను. ఆ రోజు ఆఫీసులో రాసిన మెయిలు ఒకటి, పేర్లు కొట్టేసి తెమ్మంటాను.

అపోహ: మూడు నెలల్లో ధారాళంగా మాట్లాడించవచ్చు.

వాస్తవం: 2001లో వెలువడిన యూరప్ భాషా కొలమానంలో మెట్లు ఆరు. ఒక మెట్టు ఎక్కడానికి సుమారు 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జి పరీక్షల సంస్థ అంచనా. వారానికి ఆరు రోజులు, రోజుకు గంట చొప్పున మూడు నెలలకు 80 గంటలు కూడా రావు. లెక్క తెలిసి కూడా ఆశపెట్టి ఫీజు తీసుకోవడం అన్యాయం. ఆ తర్వాత మధ్యలో మానేశారని వారినే తప్పుపడతాం.

చేరిన రోజే ఈ లెక్క చెప్పి, మూడు నెలల తర్వాత ఇంగ్లీషులో చేయగలగాల్సిన పని ఒక్కటి కాగితం మీద రాయమంటాను. ఒక నర్సు రాసింది: ‘రాత్రి డ్యూటీ వివరాలు ఉదయం డాక్టరుగారికి కాగితం చూడకుండా చెప్పాలి.’