మీ నోటికి కమ్మన, వాడి ముక్కుకి బురద: పిల్లల తిండి మీద అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో డైటీషియన్‌గా నా దగ్గరికొచ్చే తల్లుల మొదటి మాట దాదాపు ఒకటే: “నేను ఇష్టంగా తినేదేదీ వీడు ముట్టడండీ.” మా ఇంట్లోనూ అదే కథ. నాకు మర్నాడు పొద్దున చద్దన్నంలోకి చేపల పులుసు ఉండాలి. మా ఆరేళ్ల వాడు గిన్నె మీద మూత తీస్తే చాలు, ముక్కు మూసుకుని అరుగు మీదికి పోతాడు.

అపోహ: “వాసనా లేదు, పాడూ లేదు. అంతా నాటకం.”

వాస్తవం: నేనూ అలాగే గదమాయించాను. “బురద వాసనొస్తోందమ్మా” అనేవాడు, నాకేమో ఏమీ తెలిసేది కాదు. కానీ బొచ్చె, శీలావతి లాంటి చెరువు చేపలకు ఆ వాసన నిజంగానే ఉండొచ్చు. చెరువు నీళ్లలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది చేప కొవ్వులోకి చేరుతుంది. తొలకరికి లేచే మట్టి వాసన కూడా దానిదే. దాన్ని పసిగట్టడంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. పులుపు తగిలితే ఆ వాసన తగ్గుతుంది. మా అమ్మమ్మ ముక్కల్ని ఉప్పు, పసుపు, చింతపండుతో రుద్ది రుద్ది కడిగేది. బద్ధకించి నేను ఆ పని మానేశానని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. వాడు పులుసు జుర్రేస్తున్నాడని చెప్పను గానీ, వేపుడు ముక్క ఒకటి తింటున్నాడు.

అపోహ: “కడుపుతో ఉన్నప్పుడు నేను తిన్నవన్నీ బిడ్డకూ నచ్చాలి.”

వాస్తవం: సగం నిజం. తల్లి తిన్నవాటి రుచులు, వాసనలు కొన్ని ఉమ్మనీటిలోకి, చనుబాలలోకి వెళ్తాయి, ఆ పరిచయం తర్వాత కొంత పనికొస్తుంది. చేదు సంగతి వేరు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో పీటీసీ అనే రసాయనం పొడి గాలిలోకి లేచింది. పక్కనున్నాయన చేదు చేదంటే ఈయనకు ఏమీ తగల్లేదు. ఆ తేడా జన్యువులో ఉందని తర్వాత తేలింది. క్యాబేజీలోని చేదూ ఆ కోవలోదే. కాబట్టి తండ్రి వైపు నుంచి ఆ జన్యువు వచ్చిన పిల్లకి, మీకు కమ్మగా ఉన్న క్యాబేజీ కూర చేదుగా ఉండొచ్చు.

అపోహ: “రెండుసార్లు పెట్టాం, ఉమ్మేశాడు. ఇక వాడికి పడదు.”

వాస్తవం: రెండుసార్లు ఏ మూలకి? రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండంటే జంకు మామూలే. రేగుపండంత పెట్టి ఊరుకోండి, అలా 8 నుంచి 15 సార్లయినా చూడండి. “ఇది తింటే పూతరేకు ఇస్తా” అని మాత్రం అనకండి. పూతరేకు మీద మోజు పెరుగుతుంది, బీరకాయ శిక్షలా కనిపిస్తుంది.

అపోహ: “అన్నం తినకపోతేనేం, పాలు తాగుతున్నాడుగా.”

వాస్తవం: పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, రక్తం తగ్గే ప్రమాదమూ ఉంది.

అపోహ: “రొయ్యలు తింటే గొంతు దురదంటుంది. అన్నీ వంకలు.”

వాస్తవం: దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కంద బచ్చలి కూర తిని ఇంటిల్లిపాదికీ గొంతు దురదపెడితే అది కందలో సూదుల్లా ఉండే ఆక్సలేట్ స్ఫటికాల పని. రొయ్యలు తిన్నాక పిల్ల ఒక్కదానికే దురద, పెదవుల వాపు, దద్దుర్లు వస్తే అలర్జీ కావచ్చు. రొయ్యలు ఆపేసి పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయాసం కూడా వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైన చెప్పిన పదిహేనుసార్ల లెక్క దీనికి పనికిరాదు. కొంచెం కొంచెంగా అలవాటు చేద్దామనే ప్రయోగం ఇంట్లో అసలు వద్దు.