అంబోసెలి తగువు: గేటు రాబడి కంటే పాతది నీళ్ళ బాకీ

అంబోసెలి జాతీయ పార్కును కజియాడో కౌంటీకి తిరిగి అప్పగించే వ్యవహారం మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. కెన్యా అధ్యక్షుడు విలియం రూటో ప్రభుత్వం ఆ హామీ ఇచ్చినప్పటి నుంచీ వాదనంతా డబ్బు చుట్టూనే తిరుగుతోంది. గేటు దగ్గర వసూలయ్యే రుసుము నైరోబీలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు పోవాలా, కౌంటీ ఖజానాకు రావాలా అన్నదే ప్రశ్న. పశువులు మేపుకుని బతికే మాసాయి తెగవాళ్ళను మొదట రిఫ్ట్ లోయ నుంచీ, తర్వాత ఉత్తరాన లైకిపియా నుంచీ తరిమిన 1904, 1911 ఒప్పందాల గురించి అందరూ రాసిందే, మళ్ళీ తవ్వనక్కర్లేదు. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 1977లో కుదిరిన ఒక బేరాన్నీ, ఆ బేరానికి ఆధారమైన ఒక నీళ్ళ పైపులైనునూ చూడాలి.

ముందు నేల సంగతి. కజియాడో కౌంటీ విస్తీర్ణం దాదాపు 21,900 చదరపు కిలోమీటర్లు. 2019 జనగణనలో జనాభా 11,17,840. ఇందులో పెద్ద భాగం ఉత్తరాన ఓంగాటా రొంగాయ్, ఎన్‌గాంగ్, కిటెంగెలా పట్టణాల్లోనే ఉంది. నైరోబీలో ఉద్యోగం చేసి రాత్రికి ఇల్లు చేరే జనం వీళ్ళు. వీళ్ళలో అన్ని జాతులవాళ్ళూ ఉన్నారు, అంబోసెలి మీద ప్రత్యేకించి పట్టింపు ఉన్నవాళ్ళు తక్కువ. పడమర రిఫ్ట్ లోయలో మగాడి సరస్సు ఉంది. అక్కడ సోడా యాష్ తీసేది మన టాటా కెమికల్స్ సంస్థ. భూమి పన్నుల మీద కౌంటీకీ ఆ కంపెనీకీ నడిచిన కోర్టు గొడవ మరో కథ. పార్కు గొడవంతా దక్షిణ కొసది. లోయిటోకిటోక్ చుట్టుపక్కల, కిలిమంజారో ఉత్తర పాదం దగ్గర ఉండే ఇల్కిసొంగో శాఖ మాసాయిలకు సంబంధించినది.

కిలిమంజారో శిఖరం టాంజానియాలో ఉంది కానీ దాని నీళ్ళు కెన్యాలో పైకి వస్తాయి. కొండ మీది అడవిలో కురిసిన వాన లావా రాళ్ళ సందుల్లోంచి భూమిలోకి ఇంకి, అంబోసెలి పల్లంలో ఊటలుగా ఉబికి ఎన్‌కొంగో నారోక్, లోంగిన్యే చిత్తడి నేలలుగా పరుచుకుంటుంది. పార్కులో ఏడాది మొత్తానికి కురిసే వాన 350 మిల్లీమీటర్ల లోపే. నేల ఎండిపోయిన పాత సరస్సు అడుగు, తెల్లటి ఉప్పు దుమ్ము. అందుకే ఎండాకాలంలో చుట్టూ దాదాపు 8,000 చదరపు కిలోమీటర్లలో తిరిగే ఏనుగులు, జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు ఈ చిత్తడి చుట్టూ చేరతాయి. వానలు పడగానే మళ్ళీ బయటి గడ్డిలోకి వెళ్ళిపోతాయి. ఆ బయటి గడ్డి మాసాయిల భూమి. ఏనుగులకు కావలసిన చిత్తడే ఎండాకాలంలో పశువులకూ కావాలి. పార్కు విస్తీర్ణం 392 చదరపు కిలోమీటర్లే అయినా తగువు ఇంత పెద్దదైంది ఇందుకే.

1961లో వలస ప్రభుత్వం అంబోసెలి నిర్వహణను కజియాడో జిల్లా కౌన్సిల్‌కు ఇచ్చింది. గేటు, లాడ్జీల రాబడి కౌన్సిల్‌దే. పార్కు నడిబొడ్డున ఉన్న ఓల్ టుకాయ్ చుట్టూ సుమారు 78 చదరపు కిలోమీటర్లలో పశువులు రాకూడదన్న షరతుకు పెద్దలు ఒప్పుకున్నారు. ఈ పద్ధతి పదేళ్ళే నడిచింది. 1971లో అధ్యక్షుడు జోమో కెన్యాటా ఉత్తర్వుతో భూమి కేంద్రం చేతికి పోయింది. 1974లో అంబోసెలి జాతీయ పార్కు అయింది. పక్క జిల్లా నారోక్‌లోని మసాయి మారా మాత్రం కౌన్సిల్ కింద రిజర్వుగానే మిగిలింది, ఇవాళ్టికీ దాని గేటు డబ్బు నారోక్ కౌంటీకే చేరుతుంది. కజియాడో నాయకులు ఏ సభలో మాట్లాడినా మారాను ఎత్తిచూపేది ఇందుకే. చట్టంలో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. జాతీయ పార్కును నడిపేది వైల్డ్‌లైఫ్ సర్వీస్, నేషనల్ రిజర్వును నడిపేది కౌంటీ. ఖజానా దగ్గర ఆ తేడా చాలా పెద్దది.

గెజిట్ వచ్చినంత మాత్రాన మాసాయిలు కదల్లేదు. చిత్తడి వదిలేస్తే పశువులు నీళ్ళెక్కడ తాగాలి? ఎండాకాలంలో ఒక నాటు ఆవుకు రోజుకు పాతిక, ముప్ఫై లీటర్లు కావాలి. రెండు వందల పశువుల మందంటే రోజుకు ఐదారు వేల లీటర్లు. అలాంటి మందలు ఇక్కడ ఒకటీ రెండూ కాదు. దీనికి జవాబుగానే 1977 బేరం కుదిరింది. మాసాయిలు పార్కు ఖాళీ చేస్తారు. ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు రుణంతో పార్కు లోపలి ఊటల నీటిని పంపులతో తోడి, పైపుల్లో బయటికి తెచ్చి తొట్లు నింపుతుంది. అడవి జంతువులు గ్రూప్ రాంచ్‌ల గడ్డి తింటున్నందుకు ఏటా పరిహారం కడుతుంది. గ్రూప్ రాంచ్ అంటే 1968 చట్టం కింద ఒక సమూహం మొత్తానికి ఉమ్మడి పట్టా ఇచ్చిన మేత భూమి. పార్కు సరిహద్దులో ఎక్కువ భాగాన్ని చుట్టుకుని ఉన్న ఓల్గులులుయి-ఓలోలరాషి వాటిలో పెద్దది. బడి, వైద్యం లాంటివి కూడా ఆ బేరంలో ఉన్నాయి.

మాసాయిలు తమ వంతు మాట నిలబెట్టుకుని ఖాళీ చేశారు. కొన్నాళ్ళు తొట్లలో నీళ్ళు పారాయి. తర్వాత జరిగింది ఏ పంచాయతీ నీటి పథకం చూసినవాళ్ళకైనా తెలిసిన వరసే. పంపులకు డీజిల్ కావాలి, విడిభాగాలు కావాలి, కాపలా మనిషికి జీతం కావాలి. రుణం డబ్బు కట్టడానికి సరిపోయింది, నడపడానికి ఏటేటా కావలసిన డబ్బు మంత్రిత్వ శాఖ బడ్జెట్‌లో దొరకలేదు. నీటి వాసన పట్టి ఏనుగులు పైపులు పెకలించడం ఈ ప్రాంతంలో మామూలే. 1980ల మొదట్లోనే సరఫరా దెబ్బతింది, మేత పరిహారమూ ఆగిపోయింది. తొట్టి ఎండితే పశువుల కాపరికి మిగిలే దారి ఒకటే, మందను మళ్ళీ చిత్తడికి తోలడం. అప్పటి నుంచి అది చట్టవిరుద్ధ ప్రవేశం అయింది.

పార్కు అధికారుల కథనం ఇక్కడే మొదలవుతుంది: పశువులు లోపలికి చొరబడుతున్నాయి, గడ్డి తరిగిపోతోంది, కోపం వస్తే మోరాన్ (యోధుల వయసు) యువకులు ఏనుగులనూ సింహాలనూ ఈటెలతో పొడుస్తున్నారు. ఇవన్నీ నిజాలే. 2012లో అడవి దున్న ఒక బాలుడిని చంపినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఈటెలు పట్టుకుని వచ్చాయి. 2023 మేలో సింహాలు మేకల దొడ్డి మీద పడ్డాక ఎంబిరికాని గ్రూప్ రాంచ్ వైపు ఒక్క రోజులో 6 సింహాలను చంపారు. ఆ వారంలోనే మరోచోట ఈటెలకు బలైన సింహం లూన్‌కీటో వయసు 19 ఏళ్ళు, అడవి సింహానికి అది అరుదైన ఆయుష్షు. పొడవడం వెనక కోపమే కాదు, లెక్క కూడా ఉంది. 2013 వన్యప్రాణి చట్టం మనిషి చనిపోతే 50 లక్షల షిల్లింగుల పరిహారం అంటుంది. ఆ డబ్బు చేతికందడానికి ఏళ్ళు పడుతుంది. ఈటె దెబ్బకు మాత్రం అధికారులు మర్నాడే వస్తారు.

మధ్యలో సర్దుబాట్లు జరగలేదని కాదు. 1990లలో వైల్డ్‌లైఫ్ సర్వీస్ గేటు రాబడిలో వాటా ఇస్తామంది, ఇచ్చింది కొంత. 1996లో కిమానా గ్రూప్ రాంచ్ సొంత అభయారణ్యం తెరిచింది. 2003 నుంచి ఎంబిరికానిలో సింహం చంపిన పశువుకు కొంత సొమ్ము చెల్లించే నిధి నడుస్తోంది. దీన్ని స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది, గేటు డబ్బుతో సంబంధం లేదు.

ఇక 2005. కొత్త రాజ్యాంగం ముసాయిదా మీద నవంబరు 21న ప్రజాభిప్రాయ సేకరణ ఉండగా, సెప్టెంబరు చివర్లో అధ్యక్షుడు మ్వాయి కిబాకి ప్రభుత్వం ఒక్క గెజిట్ ప్రకటనతో అంబోసెలిని జాతీయ పార్కు హోదా నుంచి రిజర్వుకు దించి కౌన్సిల్‌కు ఇచ్చింది. మాసాయి ఓట్ల కోసమేనని అప్పట్లో అనుకోనివారు లేరు. ముసాయిదా ఎటూ ఓడిపోయింది. పరిరక్షణ సంస్థలు కోర్టుకెక్కాయి. పార్కు హోదా మార్చాలంటే ముందస్తు నోటీసు, పార్లమెంటు ఆమోదం కావాలి, రెండూ లేవన్నది వాటి వాదన. 2011లో హైకోర్టు ప్రకటనను కొట్టేసింది. కోర్టు చూసింది పద్ధతిని, మాసాయిల హక్కు సంగతి తేలకుండానే ఉండిపోయింది. ఈలోగా 2010 రాజ్యాంగం 62వ అధికరణ జాతీయ పార్కులను కేంద్రం చేతిలోని ప్రభుత్వ భూమిగా ఖాయం చేసింది. అందుకే రాజకీయ వేదిక మీద ఎంత గట్టి మాట ఇచ్చినా, కాగితం మీద దారి పొడవే: పర్యావరణ అంచనా, ప్రజల అభిప్రాయ సేకరణ, పార్లమెంటు తీర్మానం. వీటిలో ఒక్కటి వదిలేసినా 2011 తీర్పే మళ్ళీ వస్తుంది.

అప్పగింత వద్దనేవాళ్ళ వాదన ఇది: కౌంటీ చేతికి డబ్బు వస్తే జీతాలకూ భవనాలకూ పోతుంది, రేంజర్లకు మిగలదు. కొట్టిపారేసే భయం కాదు. అయితే కేంద్రం చేతిలో ఉన్నప్పుడే పంపులు ఆగాయన్న మాట ఈ వాదనలో ఎక్కడా వినపడదు.

దారులు కూడా ఈ తగువులో భాగమే. నైరోబీ నుంచి పార్కుకు రెండు దారులున్నాయి. పాతది కిటెంగెలా, ఇసిన్యా, కజియాడో పట్టణం, బిసిల్ మీదుగా సరిహద్దు ఊరు నమాంగా వరకు తారు రోడ్డు, సుమారు 165 కిలోమీటర్లు. అక్కడి నుంచి తూర్పుకు తిరిగి మెషనాని గేటు మీదుగా పార్కు నడిబొడ్డుకు 75 కిలోమీటర్ల దాకా మట్టి రోడ్డు. ఎండాకాలంలో అలలు తేలి బండి బోల్టులు వదులవుతాయి, వానల్లో జిగట మట్టిలో టైర్లు కూరుకుపోతాయి. రెండో దారి మొంబాసా రోడ్డు మీద ఎమాలి దాకా వెళ్ళి, అక్కడ దక్షిణానికి తిరిగి లోయిటోకిటోక్ తారు రోడ్డు పట్టడం. కిమానాకు ముందే ఇరెమిటో గేటుకు మలుపు ఉంది, కిమానా నుంచి కిమానా గేటుకు పోవచ్చు. మొంబాసా రోడ్డు లారీలను దాటుకుంటూ నాలుగు గంటలకు పైనే పడుతుంది. మొంబాసా రైలు ఎమాలిలో ఆగుతుంది కానీ అక్కడి నుంచి బండి ముందే మాట్లాడుకోవాలి. ఏ గేటైనా నగదు తీసుకోరు, ప్రభుత్వ ఈ-సిటిజన్ పోర్టల్‌లో కట్టి రావాలి. కౌంటీ సభ్యులకు ఇదీ కడుపుమంటే, డబ్బు గేటు దగ్గర కంటికైనా కనబడకుండా నైరోబీ చేరుతుంది.

తారు రోడ్డు పడ్డాక కిమానా చుట్టూ భూమి ధర పెరిగింది. ఊటల కింద టమాటా, ఉల్లి సాగు ముందే ఉంది. గ్రూప్ రాంచ్‌లను ఇళ్ళ లెక్కన ముక్కలు చేసి విడి పట్టాలు ఇవ్వడం మొదలయ్యాక కంచెలు లేచాయి. పార్కు నుంచి కిమానా అభయారణ్యం మీదుగా చ్యులు కొండలు, సావో వెస్ట్ పార్కు వైపు ఏనుగులు నడిచే సన్నటి దారి ఉంది. దాని పక్కన 180 ఎకరాల్లో వేసిన అవకాడో తోట అనుమతిని 2020లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ రద్దు చేసింది, మరుసటి ఏడాది ట్రిబ్యునల్ ఆ రద్దును సమర్థించింది. తోట యజమానులూ ఆ భూమికి పట్టా ఉన్నవాళ్ళే.

గేటు డబ్బు రేపు ఎవరికి వెళ్ళినా, ఆ ఏనుగుల దారి తెరిచి ఉండాలంటే ఒక్కో పట్టాదారుతో విడిగా కౌలు ఒప్పందం రాయించుకోవాలి. ఎకరాకు ఏటా ఇంత, ఇన్నేళ్ళకు అని. అప్పగింత గురించిన ప్రకటనల్లో ఆ కౌలు ఎవరు కట్టాలో లేదు, పశువుల తొట్ల ప్రస్తావనా లేదు.