పదిమందిలో రాయి, కాగితం, కత్తెర

కందుకూరు నుంచి

పిల్లకాయలందరికీ మీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి మిద్దె మీద గాలిపటం ముందు ఎవరు ఎగరెయ్యాలని మీరు పదిమందీ ఒకేసారి రాయి, కాగితం, కత్తెర వేసుకున్నారు. ఎంతసేపు వేసినా తేలలేదు. ఊరికి పోయాక చిన్నమ్మి ఫోన్‌ చేసి అడిగింది: "తాతయ్యా, ఇద్దరం ఆడితే టక్కున తేలిపోద్ది గదా, పదిమందిమైతే ఎందుకు తేలదు? అంతమంది మీద గెలవాలంటే ఏం చెయ్యాల?" మంచి ప్రశ్న. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

కార్తీకమాసం వనభోజనాల్లో మీ అవ్వ మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేస్తుంది, చూశారు గదా. మూడు రాళ్లూ ఉన్నంతసేపు కుండ కదలదు. ఒక రాయి లాగేశారా, ఒక పక్కకు ఒరుగుతుంది. వంటకు కుండ నిలవాలి, మీ ఆటకు మాత్రం కుండ ఒరగాలి. గుంపులో రాయి, కాగితం, కత్తెర మూడూ కనబడితే కుండ నిలబడిపోయినట్టే. రాయి కత్తెరను గెలిచింది, కత్తెర కాగితాన్ని గెలిచింది, కాగితం రాయిని గెలిచింది. ఇంక ఎవరిని పొమ్మంటారు? రెండే కనబడితేనే ఆట ఒక పక్కకు ఒరుగుతుంది. ఇద్దరే ఆడేటప్పుడు మూడో రాయి తెచ్చేవాడే లేడు, ఇద్దరూ ఒకటే చూపితే తప్ప తేలిపోతుంది. ఎవరి చేతికొచ్చింది వాళ్లు వేస్తే ముగ్గురిలో నూటికి 67 సార్లు తేలుతుంది, ఐదుగురిలో 37 సార్లు, పదిమందిలో 5 సార్లే. మీరు కాక ఎనిమిదిమంది మనసు కనిపెట్టినా సరే, తొమ్మిదోవాడు మూడో రాయి తెచ్చి కుండ కింద పెట్టేస్తాడు. అందుకని పదిమంది ఒకేసారి వేసే ఆటలో ఎత్తులకు చోటు లేదు. ముందు ఆట పద్ధతి మార్చుకోవాలి.

మా చిన్నప్పుడు వెన్నెల రాత్రుల్లో మన్నేటి ఇసకలో చేరి, దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేవాళ్లం. ముగ్గురు చేతులు కలిపి ఊపి, అరచెయ్యి పైకో కిందికో పెట్టాలి. ఇద్దరివి ఒక రకంగా, ఒకడిది వేరుగా ఉంటే ఆ వేరుగా పెట్టినవాడు పండినట్టు, అంటే దొంగ కాకుండా బయటపడినట్టు. ముగ్గురైతే నాలుగింట మూడుసార్లు తేలుతుంది, నలుగురైతే సగం సార్లే. ఈ లెక్క మాకెవరూ నేర్పలేదు, అయినా ముగ్గురు ముగ్గురుగానే వేసేవాళ్లం. మాలో ఒక పిల్లాడికి చెయ్యి ఊపేటప్పుడే మణికట్టు బయటికి తిరిగేది. అది తిరిగిందంటే వాడి అరచెయ్యి పైకే. మీ ఆటలోనూ చూడండి, కత్తెర చూపబోయేవాడి పిడికిట్లో రెండు వేళ్లు ముందే వదులవుతాయి. అట్లా గమనించడం తప్పు కాదు. అవతలివాడి చెయ్యి కనబడిందాకా ఆగి, అప్పుడు వేళ్లు మార్చడం తప్పు. అట్లా గెలిచినవాళ్లు ఆ గాలిపటం ముట్టుకోవద్దు.

ఇప్పుడు పద్ధతి చెప్తాను. ఒకరు ముందు నిలబడాలి, మిగతావాళ్లంతా ఆ ఒక్కరితోనే ఆడాలి. గెలిచినవాళ్లే ఉంటారు, ఓడినవాళ్లూ సమానంగా చూపినవాళ్లూ కూర్చోవాలి. ఎవరూ గెలవకపోతే ఆ విడత మళ్లీ వెయ్యాలి. విడతకు సుమారు మూడో వంతు మిగులుతారు. 27 మంది ఉంటే 9 మంది, తర్వాత 3, తర్వాత ఒక్కరు. బడి మొత్తం ఆడినా కాసేపట్లో తేలిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. ముందు నిలబడినవాడు రాయి చూపాడనుకోండి, మిగిలింది ఎవరు? అందరూ కాగితం చూపినవాళ్లే! గుంపంతా ఒకే చేతితో గెలిచి నిలబడింది. గెలిచిన చేతిని వదలబుద్ధి కాదు మనిషికి. చైనాలో జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 360 మంది విద్యార్థులను ఆరుగురేసి జట్లు చేసి, జట్టులో ఇద్దరిద్దరి చొప్పున 300 విడతలు రాయి, కాగితం, కత్తెర ఆడించి, 2014లో ఫలితాలు బయటపెట్టారు. గెలిచినవాళ్లు ఎక్కువగా అదే మళ్లీ చూపారు, ఓడినవాళ్లు మార్చేశారు. కాబట్టి ముందు నిలబడినవాడు రెండోసారి కత్తెర చూపితే ఒక్క దెబ్బకు చాలామంది కూర్చుంటారు. గుంపులో ఉన్నవాళ్లు అది ముందే ఊహించి రాయి చూపాలి. మరి ముందున్నవాడు దాన్ని కూడా ఊహిస్తే? అక్కడి నుంచి మీరే ఆలోచించండి, దానికి అంతు లేదు.

ఆ చైనా విద్యార్థుల సంగతిలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి ఉంది. ఎవరి మనసుకు తోచింది వాళ్లు చూపుతున్నామనుకున్నారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. అయినా జట్టు మొత్తాన్ని కలిపి లెక్కేస్తే, ఎక్కువమంది చూపే చెయ్యి రాయి, కాగితం, కత్తెర ఆ మూడింటి చుట్టూ ఒకే వరసలో నెమ్మదిగా తిరుగుతూ వచ్చింది. మనుషులు గుంపుగా చేరితే ఎవరికీ తెలియకుండా అట్లాంటి నడక ఒకటి పుడుతుంది. ఎందుకని నన్నడిగితే, ఓడినవాడు మారడం, గెలిచినవాడు ఆగడం కలిసి అట్లా తిప్పుతాయని చెప్పగలను గానీ, అది కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

రేపు బడిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్నమ్మిని ముందు నిలబెట్టి తరగతి మొత్తాన్నీ ఆడించండి. అన్న ఆడకుండా పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చోవాలి. మొదటి విడతలో ఎంతమంది మిగిలారు, వాళ్లలో రెండో విడతకు పాత చెయ్యే చూపినవాళ్లెందరు, ఈ రెండే రాసుకుని నాకు పంపండి.

మీ తాతయ్య