సైకాలజీ మొదటి ఏడాది: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతున్నాను. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు అడిగేవీ, మొదటి సెమిస్టర్‌లో పిల్లలు అడిగేవీ చాలావరకు ఒకే రకం ప్రశ్నలు. వాటి వెనకున్న అపోహలు పోకపోతే ఏడాదంతా పాఠం తలకెక్కదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సైకాలజీ చదివితే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఇట్టే చెప్పేయొచ్చు.

వాస్తవం: చెప్పలేం. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్న నేనూ చెప్పలేను. అబద్ధం పట్టడం మీద జరిగిన పరిశోధనల్ని కలిపి 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు లెక్క చూస్తే, జనం సరిగ్గా గుర్తించింది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 వస్తాయి. పోలీసుల్లాంటి అనుభవజ్ఞులు కూడా చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేరు. మొదటి ఏడాది మేం చదివేవి వేరే: జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, కన్ను ఎక్కడ మోసపోతుంది, అలవాటు ఎలా పడుతుంది.

అపోహ: ఇందులో కొత్తగా నేర్చుకునేదేముంది, అంతా తెలిసిన సంగతులేగా.

వాస్తవం: నిదానమే ప్రధానం అంటాం. ఆలస్యం అమృతం విషం అనీ అంటాం. పని అయిపోయాక, జరిగినదానికి తగ్గ సామెత ఏదో ఒకటి దొరుకుతుంది. ఏది ఎప్పుడు నిజమో ముందే చెప్పమంటే మాత్రం సామెత దగ్గర జవాబుండదు. అందుకే ప్రయోగం కావాలి.

ఏటా క్లాసులో ఒక ప్రశ్న వేస్తాను. ఒకరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకొకరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంతా కాగితం మీద రాశారు. ఎవరికి ఎక్కువ గుర్తుంటుంది? ఎక్కువ చేతులు రెండుసార్లు చదివినవాళ్ళ వైపే లేస్తాయి. అమెరికాలో రోడిగర్, కార్పికీ కాలేజీ విద్యార్థులతో ఈ ప్రయోగమే చేసి 2006లో ప్రచురించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది: మూసి రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతమే. పరీక్ష ముందు రోజు గైడు తిరగేసి అంతా వచ్చేసిందనుకునే పిల్లలు ఆ ఐదు నిమిషాల ఫలితాన్నే నమ్ముతున్నారు. ఇది అందరికీ తెలిసిన సంగతే అయితే హైలైటర్ పట్టుకుని అదే పేజీ ఎందుకు మళ్ళీ మళ్ళీ చదువుతారు?

అపోహ: ఆర్ట్స్ సబ్జెక్టు, లెక్కలుండవు, మార్కులు సులువుగా వస్తాయి.

వాస్తవం: పిల్లల్ని ఎక్కువగా ఏడిపించే అపోహ ఇదే. లెక్కలు తప్పించుకుందామని వచ్చినవాళ్ళకు సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారతాయో) ఎదురవుతాయి. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లీప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టాడు. 1916లో మన దేశపు మొదటి సైకాలజీ విభాగం కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మొదటినుంచీ ఈ చదువులో కొలతకు పెద్దపీటే.

ల్యాబ్‌లో ముల్లర్-లయర్ భ్రమ (సమానమైన గీతలు వేరువేరు పొడవుగా కనబడే కంటి భ్రమ) ప్రయోగం చేయిస్తాం. రెండు గీతలుంటాయి. ఒకదాని చివర్లలో బాణం మొనలు లోపలికి మడిచి ఉంటాయి, రెండోదానికి బయటికి తెరుచుకుని ఉంటాయి. ప్రయోగంలో కూర్చున్న అమ్మాయి రెండూ సమానం అనేదాకా గీతను జరుపుతుంది. తర్వాత స్కేలు చూస్తే తేడా మిల్లీమీటర్లలో తేలుతుంది. ఆ తర్వాత గీతల్ని నిజంగా సమానం చేసి, కొలిచి చూపించినా కన్ను ఒప్పుకోదు. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడటం నాకు చాలా ఇష్టం.

ఇక్కడే నన్ను బాధపెట్టే అలవాటొకటి ఉంది. కొందరు సీనియర్ రికార్డు తెచ్చుకుని అంకెలు అందులోంచే ఎక్కించేస్తారు. ఇంకొందరు తమకొచ్చిన అంకె పుస్తకంలో చెప్పినట్టు లేకపోతే దిద్దేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పేరున్న పత్రికల్లో వచ్చిన 100 సైకాలజీ అధ్యయనాల్ని పెద్ద పరిశోధక బృందమొకటి మళ్ళీ చేసి, ఏం తేలిందో 2015లో ప్రకటించింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ (ఊరికే కలిసొచ్చిందని కొట్టిపారేయలేని) ఫలితం వచ్చింది. రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. కొద్దిమంది మీదే ప్రయోగం చేయడం, అనుకూలంగా వచ్చినవే అచ్చు వేయడం ఇలాంటి తేడాలకు ముఖ్య కారణాల్లో ఉన్నాయి. రికార్డులో అంకె దిద్దడం కూడా ఆ దారిలోదే. భ్రమ కనబడకపోతే కనబడలేదనే రాయండి, ఎందుకు కనబడలేదో చర్చలో రాయండి. అలాంటి రికార్డుకు నేను మార్కులు తగ్గించను. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగితే ఆ మాటే ధైర్యంగా చెప్పండి.

అపోహ: సైకాలజీ అంటే ఫ్రాయిడే.

వాస్తవం: మనోవిశ్లేషణకు ఆద్యుడిగా చరిత్రలో ఆయన స్థానం పెద్దదే. మొదటి ఏడాదిలో మాత్రం వ్యక్తిత్వం పాఠంలో కొన్ని పేజీలు, అంతే.

అపోహ: డిగ్రీలో సైకాలజీ ఉంటే కౌన్సెలింగ్ మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: వద్దు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే డిగ్రీ దాటాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. మందులు రాసే సైకియాట్రిస్టులు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్లు. మొదటి సెమిస్టర్ పిల్లలు హాస్టల్లో రూమ్మేట్‌కి జబ్బు పేరు పెట్టడం చూస్తుంటాను. తమకే ఆ జబ్బుందని భయపడేవాళ్ళూ ఉంటారు. దిగులుగా ఉన్న ప్రతి సాయంత్రమూ డిప్రెషన్ కాదు. ఎన్నాళ్ళుగా ఉంది, నిద్ర, తిండి, చదువు ఎంత దెబ్బతిన్నాయి అన్నవి చూసి నిపుణులు తేలుస్తారు.

స్నేహితులు మీ దగ్గరికే వస్తారు, సైకాలజీ చదువుతున్నారని. కూర్చోబెట్టి వినండి. సలహాలు, జబ్బుల పేర్లు వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఫోన్‌లో పెట్టుకోండి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడికి తోడు వెళ్ళడానికి సిగ్గుపడకండి. చనిపోవాలనుందన్న మాట వినబడితే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే, దాచకండి. వాళ్ళని ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కో, ఇంట్లోవాళ్ళకో, మీ లెక్చరర్‌కో వెంటనే ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా.