నైట్ షిఫ్ట్ ఓటీ ఎక్కడ పోతోంది? అపోహలు - వాస్తవాలు

హాజరు, జీతాల సాఫ్ట్‌వేర్ చూసే పని నాది. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా వినిపించే మాట ఒకటే: "సార్, ఈ వేలిముద్రల మెషీన్ మా నైట్ ఓటీ తినేస్తోంది." దయచేసి ఈ పుకారు ఆపండి. మెషీన్‌కి ఓటీ (ఓవర్‌టైమ్, అంటే డ్యూటీ టైమ్ దాటి చేసిన పని) అంటే ఏంటో తెలీదు. ఎవరు ఎప్పుడు వేలు పెట్టారో (దాన్నే పంచ్ అంటాం) రాసుకుంటుంది, అంతే. లెక్క తప్పేది ఆ తర్వాత.

అపోహ: పంచ్‌లని తేదీవారీగా గ్రూప్ చేసి మొదటి పంచ్ ఇన్, చివరి పంచ్ అవుట్ అనుకుంటే పని గంటలు వచ్చేస్తాయి.

రావు. ఎక్కువమంది డబ్బు పోయేది ఇక్కడే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసే మనిషి 5వ తేదీ పొద్దున 6:05కి బయటికెళ్లి, రాత్రి 9:55కి మళ్లీ వచ్చాడనుకోండి. ఆ లెక్క ప్రకారం అతను 15 గంటల 50 నిమిషాలు పని చేశాడు! ఇంట్లో పడుకున్న టైమంతా డ్యూటీ కింద పడింది. వారం సెలవు రోజున పొద్దుటి అవుట్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అది మిస్ పంచ్ (ఇన్, అవుట్‌లలో ఒకటి లేనిది) అయిపోతుంది. ఈ అంకెలు చూసిన హెచ్‌ఆర్ వాళ్లు నైట్ ఓటీ అంతా తప్పుల తడక అని అందరికీ 8 గంటలు వేసేస్తారు, రిలీవర్ (తర్వాతి షిఫ్ట్ మనిషి) రాక నిజంగానే పొద్దున 10 దాకా నిలబడ్డవాడి 4 గంటలూ అందులోనే కొట్టుకుపోతాయి.

2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లోనే ఉండేది, కొత్త కోడ్‌లోనూ అదే ఉంది: అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ముందు రోజు లెక్కలోకే రావాలి. కాబట్టి ఇన్, అవుట్ రెండిట్లోనూ తేదీ, టైమ్ కలిపి ఉంచండి, షిఫ్ట్ తేదీకి వేరే కాలమ్ పెట్టండి, ప్రతి పంచ్‌నీ దాని షిఫ్ట్‌కి జతచేశాకే గంటలు కట్టండి. పాత చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఓటీకి రెట్టింపు కూలి, కొత్త కోడ్‌లోనూ అంతే, పోయే ప్రతి గంటా రెండు గంటల జీతం.

పటాన్‌చెరు వైపు ఒక మందుల యూనిట్‌లో ఒక పెద్దాయన చిన్న డైరీ తెచ్చి చూపించాడు, ప్రతి నైట్ ఎప్పుడొచ్చాడో ఎప్పుడెళ్లాడో రాసుకున్నాడు. "నా మాట నమ్మరు కదా సార్" అన్నాడు. రా పంచ్‌లు (మెషీన్ రాసుకున్నవి ఉన్నదున్నట్టుగా) తీసి డైరీ పక్కన పెడితే నిమిషాల తేడా తప్ప అన్నీ కలిశాయి. అలాంటి మనిషిని "సిస్టమ్‌లో లేదు" అని నెలల తరబడి తిప్పారు. సిస్టమ్‌లో మొదటినుంచీ ఉంది, ఎవరూ తీసి చూడలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గంటల్ని దశాంశాల్లో రాసేటప్పుడు 8.30 అంటే ఎనిమిదిన్నర గంటలు కాదు, 8.5 అని రాయాలి, ఆ 0.2 తేడా 26 రోజులకి 5 గంటల 12 నిమిషాలవుతుంది. నిమిషాల్లో పూర్ణాంకంగా దాచితే ఈ గొడవే ఉండదు. ఎక్సెల్‌లో మొత్తం 24 గంటలు దాటగానే తగ్గిపోయిందని టెన్షన్ పడకండి, సెల్ ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చతురస్ర బ్రాకెట్లు ([h] అని) పెడితే సరిగ్గా కనిపిస్తుంది. మిస్ పంచ్ సరిచేయాలంటే అసలు పంచ్‌ల టేబుల్ ముట్టుకోకండి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో వేరే టేబుల్‌లో రాయండి.

ఓటీ తగ్గిందని అనుమానం ఉంటే ఆ నెల రా పంచ్ రిపోర్ట్ అడగండి. 1వ తేదీకి ముందు రాత్రి నుంచి, నెలాఖరు మర్నాటి మధ్యాహ్నం దాకా ఇవ్వమనండి, లేకపోతే రెండు చివర్లా ఉన్న నైట్ షిఫ్ట్‌లు సగమే కనిపిస్తాయి.