కోరింగ మడ అడవిలో నడక: అపోహలు - వాస్తవాలు

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో చెక్క బాట మీద జనాన్ని తిప్పి చూపించడం నా పని. "ఇక్కడేం జంతువులుంటాయండీ, ఒక్కటీ కనబడదే!" అనే మాట దాదాపు రోజూ వింటాను. అప్పటికే వాళ్ల కాళ్ల కింద బురదలో పదిరకాల వ్యవహారాలు నడుస్తుంటాయి. ఇలా నేను తరచూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవిగో.

"తెల్లారకముందే వెళ్లాలి." పిట్టల వరకూ ఇది కొంత నిజమే. మిగతా వాటికి సముద్రం మాటే చెల్లుతుంది. పోటు మీదుంటే ఎంత పొద్దున్నే వచ్చినా చూసేది నీళ్లూ కొమ్మలే. నీరు తీసి బురద బయటపడితే మిట్టమధ్యాహ్నమైనా కళ్లకు పనే. నీరు తీసే ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, పోయిన వారం వచ్చిన చుట్టాలు చెప్పిన టైమ్ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా లాగుతుంది, బురద ఎక్కువగా బయటపడుతుంది.

"పాపం, ఆ చేప ఒడ్డున పడి చచ్చిపోతోంది." చావదు. అది మడ్‌స్కిపర్. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. ముందు రెక్కల మీద పాకుతుంది, తోక కొట్టి ఎగురుతుంది, మధ్యమధ్యలో బురదలో దొర్లి ఒళ్లు తడుపుకుంటుంది. దాన్ని నీళ్లలోకి నెట్టి పుణ్యం కట్టుకోనక్కర్లేదు.

"నోరు మూసుకుంటే చాలు, జంతువులు కనబడతాయి." చాలదు. చెక్కల మీద అడుగుల అదురు బురదలోకి దిగుతుంది. మీరు దగ్గరికి వెళ్లేలోపే ఫిడ్లర్ పీతలన్నీ బొరియల్లో దూరిపోతాయి. అక్కడే కదలకుండా నిలబడండి. కాసేపటికి ముందు కళ్లు పైకొస్తాయి, తర్వాత ఒళ్లు. మగదానికి ఒక డెక్క ఒంటికి మించి పెద్దగా ఉంటుంది. దాన్ని ఊపుతూ ఆడపీతలను పిలుస్తుంది, పక్క మగపీతను బెదిరిస్తుంది. తినడానికి మాత్రం అది పనికిరాదు, చిన్న డెక్కతోనే బురద ఎత్తుకోవాలి. ఆడపీత రెండు చేతులా లాగించేస్తుంటే ఇది ఒంటిచేత్తో అవస్థ పడుతుంది. బొరియ చుట్టూ కనిపించే బురద ఉండలు తిండి జల్లించుకుని వదిలేసినవి. ఇదంతా చూడ్డానికి ఖరీదైన బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

"కంపు కొడుతోందంటే కాలుష్యమే." కాదు. గాలి అందని బురదలో బ్యాక్టీరియా ఆకులను కుళ్లబెడుతుంది. కుళ్లిన గుడ్డు లాంటి ఆ వాసన దానిదే. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చినవి కూడా నరికిన మొక్కల మోళ్లు కావు, మడచెట్టు గాలి పీల్చుకునే వేళ్లు. వాటిని తొక్కకండి.

"గైడ్‌ని గట్టిగా అడిగితే బావురు పిల్లిని (చేపలు పట్టే అడవి పిల్లిని) చూపిస్తాడు." అది రాత్రి తిరిగే జంతువు. పగటి నడకలో కనబడితే అదృష్టం, మాటివ్వడం మోసం. నేను చూపించగలిగేది తాజా అడుగులు. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి ఒక్కోసారి గోటి గుర్తులు కూడా బురదలో పడతాయి. "కుక్కది లెండి" అని దాటిపోయేవాళ్లే ఎక్కువ. నీటికుక్కలు కాస్త నయం, పగలు కూడా గుంపుగా ఈదుతూ దర్శనమిస్తాయి. అలాంటప్పుడు సెల్ఫీ కోసం ముందుకు ఉరికితే మీకే కాదు, వెనకున్నవాళ్లకూ నష్టమే.

బిస్కెట్లు విసిరితే జంతువులు దగ్గరికొస్తాయన్నది వేరే సంగతి. ఆ బిస్కెట్లను నా చేతికిచ్చేసి నడక మొదలుపెట్టండి.